పాచికల బల్ల దగ్గర: మర్యాదలూ లెక్కలూ

నడిగూడెంలో గాని, కోదాడలో గాని, మన పల్లెల్లో ఎక్కడైనా గాని వానపడే మధ్యాహ్నం పూట ఇంటి అరుగు మీద సుద్దతో గళ్ళు గీసి అష్టాచెమ్మా ఆడటం పెద్దలకూ పిల్లలకూ తెలిసిన వేడుకే. గవ్వలు దొరకనప్పుడు చింతపిక్కలను ఒకవైపు రాతిమీద అరగదీస్తారు. అరిగిన వైపు తెల్లగాను, రెండవ వైపు నల్లగాను ఉంటుంది. నాలుగు పిక్కలను గుప్పిట్లో గిలకరించి విసిరితే తెల్లగా పడినవి ఎన్నో అన్ని గళ్ళు కాయ నడుస్తుంది. నాలుగూ తెల్లగా పడితే చెమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా, అనగా ఎనిమిది. చెమ్మా, అష్టా పడినవాడికి మరొకసారి వేసే హక్కు వస్తుంది.

ఈ ఆటకూ, ఎనిమిదివేల మైళ్ళ పైచిలుకు దూరాన అమెరికాలోని లాస్ వేగాస్ నగరంలో ఆకుపచ్చ గుడ్డ పరచిన బల్లలపై జరిగే "క్రాప్స్" అనే పాచికల జూదానికీ మూలసూత్రం ఒక్కటే. నేడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుంచి చదువుకూ ఉద్యోగాలకూ అమెరికా వెళ్ళిన యువకులు ఎందరో ఉన్నారు. సెలవులలో స్నేహితులతో కలసి ఆ నగరం చూడబోయి, క్యాసినో అనబడే జూదశాలలో తొలిసారి అడుగుపెట్టేవారికి అక్కడ అన్నిటికంటె ఎక్కువ సందడి వినిపించేది ఈ క్రాప్స్ బల్ల దగ్గరనే. కేకలు, చప్పట్లు, అర్థంకాని సంజ్ఞలు, బల్లనిండా గీతలు, అంకెలు! ఏమి జరుగుతున్నదో తెలియక కొందరు వెనుదిరుగుతారు. తెలియకనే కొందరు డబ్బు పెడతారు. ఈ రెండవవారి కోసమే ఈ వ్యాసం.

జూదాన్ని గురించి శాస్త్ర పత్రికలో రాయడమేమిటని ఎవరైనా అడగవచ్చు. మునగాల సంస్థానానికి దివానుగా నడిగూడెంలో ఉండిన కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపనకు పూనుకొన్నప్పుడు, తెలుగువాడికి ఏ విషయమైనా తెలుగులోనే తెలియవలెనన్నది వారి ఆశయం. తెలియని దానికి భయపడటమో, మోసపోవడమో మనిషికి సహజం. జూదం విషయంలో ఈ రెంటినుంచీ కాపాడగల విద్య గణితమే.

అరుగు మీది గణితం

ముందుగా మన చింతపిక్కలనే చూద్దాము. ఒక్కొక్క పిక్క తెలుపైనా కావచ్చు, నలుపైనా కావచ్చు. కాబట్టి నాలుగు పిక్కలు పడగల విధాలు 2 × 2 × 2 × 2, అనగా 16. ఈ 16లో నాలుగూ తెలుపయ్యేది ఒక్క విధం. నాలుగూ నలుపయ్యేది ఒక్క విధం. ఒకటే తెలుపయ్యేవి 4, మూడు తెలుపయ్యేవి 4, రెండు తెలుపయ్యేవి 6. అందుచేతనే ఆటలో మాటిమాటికీ రెండు పడుతూ ఉంటుంది. అష్టా, చెమ్మా అరుదుగా వస్తవి. అరుదైన దానికి ఎక్కువ ఫలం ఇచ్చిన మన పూర్వులు ఈ లెక్కను కాగితంమీద వేశారో లేదో గాని, అనుభవంలో గ్రహించారు.

అయితే ఇందులో ఒక మెలిక ఉన్నది. అరగదీసిన పిక్క తెలుపు నలుపులు సరిసమానంగా పడుతుందని ఎవరు చెప్పగలరు? ఒకవైపు ఉబ్బుగా, మరొకవైపు చదునుగా ఉన్న వస్తువు ఒకవైపే ఎక్కువగా పడవచ్చు. గవ్వ సంగతీ అంతే. ఇంట్లో ఆడుకొనే ఆటలో దీనివల్ల నష్టం లేదు. అందరూ అవే పిక్కలు వేస్తారు. డబ్బు ఒడ్డే చోట మాత్రం ఇది పెద్ద ప్రశ్న అవుతుంది.

రెండు పాచికలు, ముప్ఫయిఆరు విధాలు

క్రాప్స్‌లో వాడే పాచిక మన పొడవాటి పాచిక కాదు. ఆరు ముఖాలూ సమానమైన ఘనం. ముఖాలపై 1 నుంచి 6 వరకు చుక్కలు ఉంటవి; ఎదురెదురు ముఖాల చుక్కలు కలిపితే ఎప్పుడూ 7. ఇట్టివి రెండు కలిపి విసురుతారు. మొదటిదానికి ఆరు, రెండవదానికి ఆరు విధాలు గనుక మొత్తం 36 విధాలు. ఆటలో లెక్కకు వచ్చేది రెండింటి మొత్తం.

మొత్తం 2 రావడానికి ఒకే విధం: రెండూ ఒకట్లు పడవలె. 12కూ ఒకే విధం. 3కు, 11కు రెండేసి విధాలు. 4కు, 10కి మూడేసి. 5కు, 9కి నాలుగేసి. 6కు, 8కి అయిదేసి. 7కు మాత్రం ఆరు విధాలు, ఎందుకంటే మొదటి పాచిక ఏది పడినా దానితో ఏడు చేయగల జోడు రెండవదానిలో ఒకటి తప్పక ఉంటుంది. ఈ ఒక్క పేరా గుర్తుంచుకొంటే క్రాప్స్ బల్ల మీది గీతలన్నీ అర్థమవుతవి. ఆటంతా ఏడు చుట్టూ తిరుగుతుంది.

ఆట సాగే తీరు

ఇంగ్లండులో పూర్వం "హజార్డ్" అనే పాచికల ఆట ఉండేది. దానిని సరళం చేసిన రూపం 19వ శతాబ్దపు ఆరంభంలో అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో వ్యాపించింది. అదే క్రమంగా క్రాప్స్ అయినది.

పాచికలు విసిరే మనిషిని షూటర్ అంటారు. ఆటగాళ్ళు వంతులవారీగా షూటర్లు అవుతారు. ముఖ్యమైన పందెం "పాస్ లైన్" అనే పట్టీ మీద పెట్టేది. షూటర్ మొదటి విసురులో 7 గాని 11 గాని పడితే పాస్ లైన్ వారు గెలుస్తారు. పెట్టినంత లాభం వస్తుంది. 2, 3, 12లలో ఏది పడినా ఓడిపోతారు. మిగిలిన 4, 5, 6, 8, 9, 10లలో ఏది పడితే అది "పాయింట్" అవుతుంది. అప్పుడు బల్ల మీద ఆ అంకె దగ్గర తెల్లని బిళ్ళ పెడతారు. ఇక షూటర్ విసురుతూనే ఉండవలె. ఏడు పడకముందే ఆ పాయింట్ మళ్ళీ పడితే గెలుపు; పాయింట్ కంటె ముందు ఏడు పడితే ఓటమి. అట్లా ఏడు పడినప్పుడు పాచికలు పక్క మనిషి వంతుకు వెళతవి. మొదటి విసురులో మిత్రుడైన ఏడు, పాయింట్ ఏర్పడ్డ తర్వాత శత్రువవుతుంది. తొలిసారి చూసేవారిని తికమకపెట్టేది ఇదే.

దీనికి ఎదురు పందెం "డోంట్ పాస్". షూటర్ ఓడిపోతాడని ఒడ్డేది. ఇందులో ఏడు ముందుగా వస్తే గెలుపు. అయితే మొదటి విసురులో 12 పడితే గెలుపూ లేదు, ఓటమీ లేదు. పందెం అట్లాగే ఉంటుంది. ఈ చిన్న మినహాయింపు ఎందుకున్నదో కొంచెం తర్వాత చూద్దాము.

బల్ల దగ్గర మర్యాదలు

బల్ల సుమారు 12 నుంచి 14 అడుగుల పొడవుండి, చుట్టూ ఎత్తైన అంచుతో తొట్టిలాగ ఉంటుంది. శాల తరఫున సాధారణంగా నలుగురు ఉంటారు. డబ్బుపెట్టె దగ్గర కూర్చుండి అన్నీ గమనించే పెద్ద ఒకరు; రెండువైపులా పందేలు చెల్లించే డీలర్లు ఇద్దరు; పొడవాటి వంకీకర్రతో పాచికలను లాగి అందించే వ్యక్తి ఒకరు.

మొదటి మర్యాద డబ్బు విషయంలో. నోటును డీలరు చేతికి ఇవ్వరాదు. విసురుకూ విసురుకూ మధ్య, పాచికలు బల్ల నడుమ కర్ర దగ్గర ఉన్నప్పుడు, నోటును బల్లపై పెట్టి బిళ్ళలు అడగవలె. డీలరు వాటిని తిరిగి బల్లపైనే పెడతాడు, చేతికి అందివ్వడు. ఇది అహంకారం కాదు. పైన అమర్చిన కెమెరాలకు ప్రతి నోటూ, ప్రతి బిళ్ళా స్పష్టంగా కనబడవలెనన్నదే దీని ఉద్దేశం. తీసుకొన్న బిళ్ళలను తమ ఎదుటి అంచులోని గాడిలో పేర్చుకొనవలె. వాటిని కాపాడుకొనే బాధ్యత ఎవరిది వారిదే.

రెండవది పందేల విషయం. ఆటగాళ్ళు స్వయంగా పెట్టదగినవి కొన్ని ఉన్నవి. పాస్ లైన్ అట్టిది. బల్ల నడుమ గళ్ళలో పెట్టే పందేలకు బిళ్ళను డీలరు ముందుంచి నోటితో చెప్పవలె, ఆయనే దానిని సరైన చోట పెడతాడు. పాచికలు షూటర్ చేతికి వెళ్ళిన తర్వాత కొత్త పందెం కోసం వంగరాదు. ఆ సమయంలో చేతులన్నీ బల్ల లోపలినుంచి పైకి తీసివేయవలె. పాచిక ఎవరి చేతికైనా తగిలి ఏడు పడిందంటే, చుట్టూ ఉన్నవారి చూపులను భరించడం కష్టం.

మూడవది విసిరే తీరు. కర్రతో అయిదారు పాచికలు ముందుకు నెడితే షూటర్ వాటిలో రెండు ఎంచుకొంటాడు. వాటిని ఒక్క చేతితోనే పట్టవలె. ఒక చేతినుంచి రెండవ చేతికి మార్చరాదు. చేతిని బల్ల అంచు దాటి వెనుకకు తేరాదు, జేబు దగ్గరకు అసలే పోనీయరాదు. మరీ ఎత్తుకు ఎగురవేయరాదు. రెండు పాచికలూ బల్ల అవతలి కొసన ఉన్న గోడకు తగిలి వెనుకకు రావలె. విసరడం ఇష్టం లేనివారు తమ వంతును పక్కవారికి వదలవచ్చు. అందులో తప్పేమీ లేదు, పందెం మాత్రం పెట్టవచ్చు.

మిగిలినవి మామూలు సభ్యత. పానీయపు గ్లాసును అంచుమీద పెట్టరాదు. కింద అరలు ఉంటవి. ఫోనులో మాట్లాడుతూ నిలబడరాదు. డోంట్ పాస్ మీద ఒడ్డినవారు గెలిచినప్పుడు గట్టిగా కేక వేయరు. ఎందుకంటే చుట్టూ ఉన్నవారిలో ఎక్కువమంది ఓడినవారే. బల్ల దగ్గర "ఏడు" అనే మాట పైకి అనరాదన్నది ఒక మూఢనమ్మకం. ఆ మాట వింటే పాచికకు చెవులు మొలవవు గాని, పదిమంది మధ్య నిలిచినప్పుడు వారి మనసు నొప్పించకపోవడం మంచిది. అర్థంకానిది ఉంటే విసురుల మధ్య డీలరును అడగవచ్చు. సాధారణంగా ఓర్పుతో చెబుతారు. ఆట ముగించి వెళ్ళేటప్పుడు వారికి ఒకటి రెండు బిళ్ళలు బహుమానంగా ఇవ్వడం అక్కడి వాడుక.

మర్యాద వెనుక శాస్త్రం

ఈ నియమాలన్నీ చదివి "ఇంత పట్టింపు దేనికి?" అనిపించవచ్చు. ఆలోచిస్తే వీటిలో ముఖ్యమైనవన్నీ ఒక్క దానికి కాపలా కాస్తున్నవి: ఆ 36 విధాలూ సమానంగా రావలె.

ఒక్క చేతితో పట్టవలెననడం పాచికలను మార్చకుండా ఉండేందుకు. అవతలి గోడకు తగలవలెననడం, పాచికను జారవిడిచినట్టు నేర్పుగా వేసి కావలసిన ముఖం పైకి తెచ్చుకోకుండా ఉండేందుకు. ఆ గోడకు లోపలివైపు చిన్న చిన్న గోపురాల వంటి మొనలున్న రబ్బరు అతికించి ఉంటుంది. విసరడంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా, మొనకు తగిలే కోణం మారి, పాచిక దొర్లే దారి పూర్తిగా మారిపోతుంది. మొదటి స్థితిలోని స్వల్పభేదం చివరి ఫలితంలో మహాభేదమయ్యే ఇట్టి చోటనే యాదృచ్ఛికత పుడుతుంది. పాచికకు బలవిజ్ఞాన సూత్రాలు వర్తించవని కాదు. ఆ సూత్రాలను వాడుకొనగలిగేంత నిఖార్సుగా ఏ చేయీ విసరలేదు.

పాచిక తయారీలోనూ ఇదే జాగ్రత్త ఉన్నది. మన ఇళ్ళలోని పాచికలకు చుక్కలు గుంటలుగా తొలుస్తారు. ఆరు గుంటలున్న ముఖం వద్ద పదార్థం తగ్గుతుంది. దాని ఎదురు ముఖాన ఒక్క గుంటే. తేలికైన ముఖం పైకి లేచే మొగ్గు చూపుతుంది. ఇది ఊహ కాదు. 19వ శతాబ్దం చివర ఇంగ్లండులో వెల్డన్ అనే జీవశాస్త్రజ్ఞుడు పన్నెండు పాచికలను ఒక్కసారిగా విసురుతూ 26,306 సార్లు వేసి లెక్క రాశాడు. మొత్తం 3,15,672 పాచికలలో 5 గాని 6 గాని మూడవ వంతు, అనగా 1,05,224 రావలె. వచ్చినవి 1,06,602. ఈ తేడా కాకతాళీయం కావచ్చునా, కాదా? కార్ల్ పియర్సన్ 1900లో ప్రకటించిన ప్రసిద్ధమైన పరీక్షకు ఈ లెక్కలు ఒక ఉదాహరణ అయినవి. పాచికలు నిజంగానే పక్షపాతం చూపినవని తేలింది. ఇట్టి పరీక్షల శాస్త్రాన్ని తర్వాత ఎంతో ముందుకు తీసుకొనిపోయినవారిలో మన తెలుగువారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావుగారు (1920–2023) ఒకరు.

అందుకే జూదశాల పాచికలో గుంటలను అదే బరువుగల పదార్థంతో నింపి నున్నగా చేస్తారు. అంచులు గుండ్రం చేయక పదునుగా ఉంచుతారు. లోపల సీసం ముక్క దాచలేకుండా పారదర్శకమైన పదార్థంతో చేస్తారు. వరుస సంఖ్య కూడా వేస్తారు. కొన్ని గంటలు వాడిన తర్వాత వాటిని తీసివేసి కొత్తవి పెడతారు.

చరిత్రలో దీనికి మరొక కారణం కూడా ఉన్నది. తొలినాళ్ళ క్రాప్స్‌లో దొంగపాచికల బెడద ఎక్కువ. 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలో జాన్ విన్ అనే పాచికల తయారీదారు, షూటర్ గెలుపుమీద గాని ఓటమిమీద గాని ఎటైనా ఒడ్డగల పద్ధతి ప్రవేశపెట్టాడు. రెండువైపులా పందెం ఉన్నప్పుడు దొంగపాచిక శాలనే ముంచవచ్చు. అప్పటినుంచి నిజాయితీగల పాచిక శాలకే అవసరమయింది.

న్యాయమైన పాచిక, తగ్గిన చెల్లింపు

పాచిక నిజాయితీగలదైతే మరి శాలకు లాభం ఎక్కడిది? అసలు కీలకం ఇక్కడున్నది. లాభం పాచికలో లేదు, చెల్లింపులో ఉన్నది.

పాస్ లైన్ పందెం 1,980 సార్లు ఆడినట్టు, ప్రతిదీ తన వాటా ప్రకారం పడినట్టు ఊహించండి. మొదటి విసురులో 7 గాని 11 గాని పడి గెలిచేవి 440. 2, 3, 12 పడి ఓడేవి 220. మిగిలిన 1,320లో పాయింట్ ఏర్పడుతుంది. పాయింట్ 4 అయితే దానికి మూడు విధాలు, ఏడుకు ఆరు విధాలు. కనుక మూడింట ఒక వంతే గెలుపు. 165లో 55 గెలుస్తవి. 10కీ అంతే. 5కు, 9కి అయిదింట రెండు వంతులు: 220లో 88 చొప్పున. 6కు, 8కి పదకొండింట అయిదు వంతులు: 275లో 125 చొప్పున. కూడితే గెలుపులు 976, ఓటములు 1,004. తేడా 28. అనగా ప్రతి నూరు డాలర్ల పందానికి సగటున ఒక డాలరు 41 సెంట్లు శాలకు పోతవి. దీనిని శాలవాటా అందాము: 1.41 శాతం.

ఇప్పుడు డోంట్ పాస్‌లో 12 సంగతి తేలిపోతుంది. ఎదురు పందెం గనుక ఆ 28 తేడా ఆటగాడి వైపు రావలసింది. 1,980లో 12 పడేవి 55. ఆ 55 గెలుపులను "చెల్లవు" అనడంతో 28 లాభం 27 నష్టంగా మారింది! శాలవాటా 1.36 శాతం. ఒక్క అంకెను పక్కకు పెట్టి తక్కెడను ఎంత సున్నితంగా తమవైపు వంచుకొన్నారో చూడండి.

ఈ రెండూ బల్ల మీద ఉన్నవాటిలో మంచి పందేలు. పాయింట్ ఏర్పడ్డ తర్వాత పాస్ లైన్ వెనుక అదనంగా పెట్టే "ఆడ్స్" అనే పందానికి మాత్రం సరిగ్గా న్యాయమైన చెల్లింపే ఇస్తారు: 4, 10లకు ఒకటికి రెండు, 5, 9లకు రెండుకు మూడు, 6, 8లకు అయిదుకు ఆరు. శాలవాటా సున్న. కాని మొదట పాస్ లైన్ మీద పెట్టినవారికే ఈ హక్కు. పైగా శాలవాటా లేదని ఎక్కువ పెడితే ఒక్క ఏడుతో ఎక్కువే పోతుంది.

బల్ల నడుమ రంగురంగులుగా కనబడే పందేలు వేరు. తర్వాతి విసురులోనే ఏడు పడుతుందని ఒడ్డితే ఒకటికి నాలుగు ఇస్తారు. 36 విసురులలో 6 గెలుపులు, వాటికి 24, ఓటములు 30. నికరంగా 6 పోతవి, అనగా 16.67 శాతం. 12 మీద ఒకటికి ముప్ఫయి ఇస్తారు. వినడానికి గొప్పగా ఉన్నా న్యాయంగా ముప్ఫయిఅయిదు ఇవ్వవలె. వాటా 13.89 శాతం. 8 రెండు నాలుగులుగానే పడవలెనన్న పందానికి ఒకటికి తొమ్మిది, వాటా 9.09 శాతం. ఎంత ఎక్కువ ఆశ చూపితే అంత ఎక్కువ వాటా తీసుకొనడం ఈ బల్ల నీతి.

గెలిచిన రాత్రి, ఓడిన సంవత్సరం

ఒకటిన్నర శాతం కూడా లేని వాటా ఏమి చేస్తుందని అనుకొనవచ్చు. నిజమే, ఒక్క సాయంత్రంలో దాని జాడ తెలియదు. పాస్ లైన్ మీద సమానమైన పందేలు నూరు ఆడినవారిలో సుమారు 40 శాతం మంది లాభంతోనే ఇంటికి వెళతారు. ఈ నలభైమందే స్నేహితులకు తమ గెలుపు కథ చెబుతారు, మిగిలినవారు చెప్పరు. కనుక వినేవారికి గెలుపు సులభమనిపిస్తుంది. అదే మనిషి పదివేల పందేలు ఆడినప్పుడు లాభంలో ఉండే అవకాశం సుమారు 8 శాతానికి పడిపోతుంది. ఆటుపోట్లు పందేల సంఖ్య వర్గమూలాన్ని అనుసరించి పెరుగుతవి. శాలవాటా పందేల సంఖ్యతో సమంగా పెరుగుతుంది. ఎప్పుడో ఒకప్పుడు రెండవది మొదటిదాన్ని మింగివేయక తప్పదు. శాలకు అదృష్టంతో పని లేదు, కాలంతోనే పని.

ఇంకొక లెక్క. ఒకరు పది బిళ్ళలతో మొదలుపెట్టి, ఒక్కొక్కటిగా పాస్ లైన్ మీద ఒడ్డుతూ, ఇరవై అయ్యేవరకో మొత్తం పోయేవరకో ఆడదలచారు. ఇరవై చేరే అవకాశం 43 శాతం. నూరు బిళ్ళలతో మొదలుపెట్టి ఇన్నూరు చేరేవరకు అదే విధంగా ఆడితే? 6 శాతం కూడా లేదు. "ఓపికగా ఎక్కువసేపు ఆడితే పోయింది తిరిగి వస్తుంది" అన్నమాట ఎంత అబద్ధమో ఈ రెండు అంకెలు చెబుతవి. అప్పుచేసి పోయినదానిని రాబట్టుకొనజూసిన కుటుంబాల పతనమంతా ఈ అబద్ధంలోనే ఉన్నది.

పాచికకు జ్ఞాపకం లేదు

మరొక భ్రమ ఇంతకంటె మొండిది. "చాలాసేపటినుంచి ఏడు పడలేదు, ఇక పడి తీరుతుంది" అని కొందరు. "ఈ షూటర్ చెయ్యి వేడిమీద ఉన్నది, ఇప్పట్లో ఏడు పడదు" అని కొందరు. ఇద్దరిదీ ఒకే తప్పు. క్రిందటి విసురు పాచిక మీద ఏ గుర్తునూ వదలిపోదు. ప్రతి విసురులోనూ ఏడుకు ఆరింట ఒక వంతు అవకాశమే.

ఒక షూటర్ తన వంతు ముగిసేలోగా సగటున ఎనిమిదిన్నర విసురులు వేస్తాడు. 2009లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో ఒక స్త్రీ 154 విసురుల వరకు పాచికలు వదలలేదు. దానికి అవకాశం సుమారు 560 కోట్లలో ఒకటని గణితజ్ఞులు లెక్కకట్టారు. అద్భుతమే. కాని లోకంలో ఏళ్ళ తరబడి రాత్రింబవళ్ళు ఎన్నెన్ని బల్లలపై పాచికలు దొర్లుతున్నవో తలచుకొంటే, ఎక్కడో ఒకచోట ఇట్టిది కనబడటం వింత కాదు. అది మనకే కనబడుతుందని అనుకొనడమే వింత.

ఋతుపర్ణుని విద్య

ఈ జ్ఞానం మన సాహిత్యానికి కొత్తది కాదు. ఋగ్వేదం పదవ మండలంలో సర్వస్వం పోగొట్టుకొన్న జూదరి విలాపం ఉన్నది. ఆనాటి పాచికలు తానికాయలు. త్రిఫల చూర్ణంలో కరక్కాయ, ఉసిరికలతో కలిసే తానికాయే అది. నన్నయగారు తెనిగించిన అరణ్యపర్వంలో నలోపాఖ్యానం ఉన్నది. జూదంలో రాజ్యం పోగొట్టుకొన్న నలుడు ఋతుపర్ణ మహారాజుకు సారథి అవుతాడు. దారిలో ఒక తానిచెట్టును చూసి ఋతుపర్ణుడు దాని ఆకులూ కాయలూ ఎన్నో చెబుతాడు. నలుడు రథం ఆపి లెక్కించి చూస్తే సరిపోతుంది. అక్షహృదయం, అనగా పాచికల మర్మం తెలిసినవాడికే సంఖ్యల నేర్పు కూడా ఉన్నదని ఆ కథ అంటుంది. కొంత చూసి మొత్తాన్ని అంచనా కట్టడం, యాదృచ్ఛికాన్ని అర్థం చేసుకొనడం ఒకే విద్యకు రెండు ముఖాలని నేటి గణాంకశాస్త్రం చెబుతున్నది. ఐరోపాలో ఈ విద్యకు పునాది 1654లో పాస్కల్, ఫెర్మాలు జూదపు ప్రశ్నలపై రాసుకొన్న లేఖలతో పడింది. నలుడు ఆ విద్య నేర్చిన తర్వాతనే అతనిని పట్టిన కలి వదలిపోయాడన్నది గమనించదగిన విషయం.

ఇక చట్టం మాట. మన తెలంగాణలో జూదగృహాలు నడపడం, వాటిలో ఆడటం గేమింగ్ చట్టం కింద నేరం. 2017 సవరణతో ఆన్‌లైన్ జూదం కూడా దాని పరిధిలోకి వచ్చింది. గోవాలోను, సిక్కింలోను అనుమతి పొందిన క్యాసినోలు ఉన్నవి. సికిందరాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన కేసులో 1968లో సుప్రీంకోర్టు, రమ్మీ ప్రధానంగా నేర్పుమీద ఆధారపడే ఆట అని, పూర్తిగా అదృష్టంమీద నడిచే ఆటలు వేరని విడదీసింది. ఆ గీటురాయి మీద గీస్తే క్రాప్స్ ఎటు పడుతుందో పైన చూసిన లెక్కలే చెబుతవి. పందెం ఎంచుకొనడంలో తెలివి ఉండవచ్చు. పాచిక పడటంలో లేదు.

కాబట్టి తొలిసారి ఆ బల్ల దగ్గర నిలబడేవారు కొన్ని మాటలు గుర్తుంచుకొనవలె. నాటకం చూడటానికి టిక్కెట్టు కొన్నట్టుగా, పోయినా బాధలేని సొమ్మును ముందే వేరుచేసి తీసుకొనిపోవలె. కార్డు గదిలోనే వదలవలె. పాస్ లైన్ దాటి బల్ల నడుమకు పోరాదు. సొమ్ము అయిపోయినప్పుడు గాని, అనుకొన్న సమయం ముగిసినప్పుడు గాని, ఏది ముందైతే అప్పుడు నమస్కారం చెప్పి వెనుదిరగవలె. పోయినది రాబట్టుకొనవలెనన్న కోరిక కలిగిన క్షణమే లేవవలసిన క్షణం. ఆ కోరికను అణచుకొనలేనివారు అసలు ఆ గడప తొక్కకుండటమే మేలు.

అరుగుమీద చింతపిక్కలు వేసే పిల్లవాడికి, రెండు ఎందుకు ఎక్కువగా పడుతున్నదో 16 విధాలు గీసి చూపండి. పది నిమిషాల పని. రేపు ఎక్కడో దూరదేశపు బల్ల ఎదుట వాడు నిలబడినప్పుడు, గుడ్డమీది రంగుల వెనుక ఉన్న 36 విధాలు వాడికి కనబడతవి.